అచ్చుకూటం ఎవరి చేతిలో ఉన్నది?

రాజమండ్రిలో మేము నలుగురైదుగురు ఉపాధ్యాయులం కలిసి ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాము. సంస్థ అనటం పెద్దమాటే. ఒక బీరువా, ఒక లెక్కల పుస్తకం, అమ్ముడుపోని ప్రతుల కట్టలు - ఇదీ దాని ఆస్తి. అయినా మేము స్వతంత్రులమనీ, ఏ ధనవంతుడి దయమీదా బతకటం లేదనీ సభల్లో చెప్పుకోవటం మాకు అలవాటు. ఆ మాట అనే హక్కు మాకు ఎంతవరకు ఉన్నదో చూసుకోవటానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం కోనసీమకు చెందిన ఒక యువకుడి కథల సంపుటి అచ్చువేయటానికి పూనుకున్నాము. మొత్తం పది కథలు. అందులో ఒకటి కౌలురైతు కథ. చేను మునిగిన ఏడాది కూడా మక్తా బస్తాలు పూర్తిగా కొలిచి, తిండిగింజల అప్పుకోసం మళ్ళీ అదే భూస్వామి అరుగు దగ్గరకు వెళ్ళి నిలబడిన మనిషి కథ అది. సంపుటికి అదే ప్రాణం. కాని మా దగ్గర డబ్బు చాలలేదు. ఒక రైసుమిల్లు యజమాని ఖర్చంతా తాను భరిస్తానన్నాడు. షరతు పెట్టలేదు. "ఆ ఒక్క కథా ఎందుకు మాస్టారూ?" అన్నాడంతే. మేము రచయితకు ఉత్తరం రాశాము. "మీ ఇష్టం" అని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. తొమ్మిది కథలతో పుస్తకం అందంగానే వెలువడింది. ఆవిష్కరణ సభలో ప్రజాసాహిత్యం గురించి ఉపన్యసించినవాణ్ణి నేనే. రచయిత తన ప్రతులు చంకన పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కాడు.

ఆ తరువాత కొన్ని నెలలపాటు సాయంత్రాలు గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని కందుకూరి వీరేశలింగం పంతులుగారి గురించి చదివాను. మన వూళ్ళో ఈ పని మొదలుపెట్టిన మనిషి ఎలా నెట్టుకొచ్చాడో తెలుసుకోవాలనిపించింది.

1874 అక్టోబరులో 'వివేకవర్ధని' ప్రారంభించేనాటికి పంతులుగారికి ఇరవయ్యారేళ్ళు. ధవళేశ్వరంలో బడిపంతులు. పత్రిక మొదట మద్రాసులో అచ్చయ్యేది. రాజమండ్రికి ఇంకా రైలు రాని రోజులు. రాసేవాడు గోదావరి గట్టున, అచ్చుయంత్రం చెన్నపట్నంలో! ఈ చిక్కు వదిలించుకోవటానికి ఆయన రాజమండ్రిలోనే సొంత అచ్చుకూటం పెట్టారు. చూడటానికి ఇది సౌకర్యం కోసం చేసిన ఏర్పాటే. కాని దాని ఫలితాలు చాలా దూరం పోయాయి. న్యాయస్థానాల్లో లంచాల గురించీ, వితంతువుల దుస్థితి గురించీ, వేశ్యాలోలత్వం గురించీ పెద్దమనుషులకు కోపం వచ్చేటట్టు రాయగలిగారు. 'హాస్యసంజీవని', 'సతీహితబోధిని' నడిపారు. 1878 నుంచి వివేకవర్ధనిలో వెలువడిన 'రాజశేఖర చరిత్రము' 1880లో పుస్తకమైంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగేనాటికి ఏడేళ్ళుగా ఆ పత్రిక దానికి నేల దున్నుతూనే ఉన్నది.

అచ్చు ఆ రచయితను కూడా మార్చింది. యౌవనంలో పెదవులు కలవని అక్షరాలతో 'శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం' రాసిన పాండిత్యం ఆయనది. పత్రిక చేతికి వచ్చాక, చదివేవాడికి అర్థం కావాలనే అవసరం ఆయన వచనాన్ని సులభం చేసింది. ప్రహసనాల్లో వాడుక మాటలకు చోటిచ్చింది. చివరికి 1919లో, మరణించిన ఏడాదే, వ్యావహారిక భాషోద్యమ సమాజానికి అధ్యక్షులుగా ఉండటానికి అంగీకరించారు.

ఇదంతా ఒక వ్యక్తి గుండెధైర్యంతోనే జరిగిందనుకోవటం పొరపాటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారిన చోట పంటా, వర్తకమూ, వాటి వెంట బళ్ళూ కోర్టులూ పెరిగాయి. పత్రిక కొని చదవగల మధ్యతరగతి అలా పుట్టింది. అదే నీరు భూమి ధర పెంచి, కౌలుదారు మీద మక్తా భారాన్నీ పెంచింది. పంతులుగారి పాఠకులు మొదటి వర్గంవారు. రెండవ వర్గంవారి గొంతు ఆయన పుటల్లో బహు తక్కువ. ఆంగ్ల ప్రభుత్వం మీద ఆయనకున్న నమ్మకం కూడా ఆ తరగతి నమ్మకమే. ఈ పరిమితులు చెప్పకుండా ఆయనను పొగడటం మనకు తగదు.

ఇక డబ్బు సంగతి. ఆయన దాతలకు దూరంగా ఉన్నవారేమీ కాదు. వితంతు వివాహాలకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. ఇది చదివినప్పుడు మొదట నాకు కొంత ఊరట కలిగింది. పెద్దలూ పుచ్చుకున్నారు గదా అనుకున్నాను. కాని ఆ డబ్బు పని సాగటానికి వచ్చింది. మాకు వచ్చిన డబ్బు పనిలో ఒక ముక్క ఆగిపోవటానికి వచ్చింది. పైగా పంతులుగారు 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, తరువాత తన ఆస్తిని దానికే రాసి ఇచ్చారు. అచ్చు ద్వారా సంపాదించిన పలుకుబడిని సొంతానికి వాడుకోలేదు.

ఆ తరువాతి తరంలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891-1961) రాజమండ్రిలో కలాభివర్ధనీ పరిషత్తు పేర పుస్తకాలు ప్రచురించారు, 'ప్రబుద్ధాంధ్ర' పత్రిక నడిపారు. కథలో గోదావరి ఇళ్ళలోని మాట చెక్కుచెదరకుండా నిలబడటానికి ఆ స్వేచ్ఛ తోడ్పడిందని నా నమ్మకం. ఈనాడు అచ్చుయంత్రం కొననక్కరలేదు. ఏ వూళ్ళోనైనా అద్దెకు దొరుకుతుంది. కనుక స్వాతంత్ర్యం యంత్రంలో లేదు, లెక్కల పుస్తకంలో ఉన్నది. ఖర్చు ఎవరు పెట్టారో, దానికి బదులుగా ఏది అచ్చు కాలేదో పాఠకుడికి తెలియనంతకాలం మా స్వాతంత్ర్యం ఉపన్యాసమే.

కిందటి సంవత్సరం ఆ రచయిత ఇంటికి వెళ్ళి, వదిలేసిన కథ ఇమ్మని అడిగాను. ఆయన మంచినీళ్ళిచ్చి, "ముందు మీ లెక్కలు చూపించండి మాస్టారూ" అన్నాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. చూపించాను. మిల్లు యజమాని పేరు ఉన్న పుట దగ్గర ఆగి, చాలాసేపు చూసి పుస్తకం మూశాడు. కథ అప్పుడు ఇవ్వలేదు. రెండు నెలల తరువాత తపాలాలో వచ్చింది.

ఇప్పుడు పాఠకుల దగ్గర ముందుగా చందాలు పోగుచేస్తున్నాము. చిన్న మొత్తాలే, నెమ్మదిగా వస్తున్నాయి. రాబోయే సంపుటిలో మొదటి కథ అదే. చివరి పుటలో జమాఖర్చులు అచ్చువేస్తాము. మొదటి సంపుటిలో ఆ కథ ఎందుకు లేకపోయిందో కూడా అక్కడే, మా పేర్లతో రాస్తాము.