పట్టాలు లేని రైలుదారి

రైలుకట్టమీద నడువవలదని చిన్ననాట పెద్దలు మనకందఱకును చెప్పియుందురు. మా రామచంద్రపురమున మాత్రమట్టి నిషేధము లేకుండెను. ఏలయన, మా కట్టమీద రైలును లేదు, పట్టాలును లేవు. కాకినాడనుండి ద్రాక్షారామముమీదుగా కోటిపల్లికి పోవు దారి యది. రెండవ ప్రపంచయుద్ధపు టవసరములకై 1940లో దాని పట్టాలను పెఱికి తీసికొనిపోయిరి. "శివరాత్రికి రైలెక్కి గౌతమీస్నానానికి వెళ్లేవాళ్లం" అని మా అమ్మమ్మ చెప్పునప్పుడు మేము నవ్వెడివారము. మాకు తెలిసినంతవఱకు అది మేకలు మేయు కట్ట.

ఆ కట్ట నాకు మరల జ్ఞప్తికి వచ్చినది అమెరికాదేశమున. పిట్స్‌బర్గు నగరములో మా అమ్మాయి కాపురమున్నది. మావారు పోయిన పిదప నన్నొంటిగా నుంచుట కిష్టపడక ఆఱు మాసములు తనయొద్ద నుంచుకొన్నది. వంట చేయుట, మనుమరాలికి జడ వేయుట, పెన్‌హిల్సులోని వేంకటేశ్వరస్వామి కోవెలకు పోయివచ్చుట, ఇంతే నా దినచర్య. మఱెక్కడికైన రమ్మన్నచో మోకాళ్లనొప్పియని వంక చెప్పెడిదానను. నిజమునకు నొప్పి మోకాళ్లలో లేదు. భర్త పోయి రెండేండ్లైన నిండకుండ షికార్లు తిరుగుచున్నదని ఎవరైన నందురేమోయని నా బెదురు. వేలకొలది మైళ్ల దూరమున అనువారెవరు? ఎవ్వరును లేరు. ఆ లోకుల నోరును నేను నా వెంటనే తెచ్చుకొంటిని.

అక్టోబరు మాసమున నొక ఆదివారమునాడు మా అమ్మాయి పట్టుపట్టినది. "కొండల్లోకి వెళ్దాం, రా అమ్మా" అన్నది. "నేనెక్కలేను" అంటిని. "రైలెక్కిన కొండ నువ్వెక్కలేవా?" అన్నది.

ఆ మాట కర్థమును కారులో చెప్పినది. పిట్స్‌బర్గునుండి కంబర్లాండు అను ఊరివఱకు నూటయేబది మైళ్ల కాలిబాట యొకటి కలదు. దానిపేరు గ్రేట్ అలిగేనీ పాసేజి. అందు హెచ్చుభాగము మూతపడిన రైలుదారులమీదనే వేసినది. మేము పోవుచున్న కొండలలో వెస్టరన్ మేరీలాండు రైల్వేవారు 1912లో బండ్లు నడపిరట. ఆ లోయలోనే మఱియొక రైలుదారియు నుండెను. రెండును ఒకే యాజమాన్యముక్రిందికి వచ్చిన పిదప రెండు దారులెందులకని 1975లో దీనిని విడిచివేసిరి. తుప్పలు పెరిగిన ఆ కట్టను బాగుచేసి, 1986లో మొదట తొమ్మిది మైళ్లు నడచువారికి తెఱచిరి. నూటయేబది మైళ్లును పూర్తియగునప్పటికి 2013వ సంవత్సరము వచ్చినది.

ఇనుపపట్టాలపై ఇనుపచక్రములు నిటారైన కొండ నెక్కలేక జాఱును. అందుచేత నాటి ఇంజనీర్లు ఎత్తును త్రవ్వి, పల్లమును పూడ్చి, కొండను తొలిచి, దారిని మెల్లమెల్లగా పైకి తీసికొనిపోయిరి. ఎంతటి ఎక్కుడుతావుననైనను నూఱడుగులకు రెండడుగులుకూడ లేవదు. బండికొఱకు పడిన ఆ శ్రమ నేడు ముసలివారి మోకాళ్లకు మేలైనది.

దారిమీద సున్నపురాతిపొడి పఱచి గట్టిచేసినారు. మోటారుబండ్లు రాగూడదు. సైకిళ్లవారు గంట మ్రోగించి, "మీ ఎడమప్రక్కగా వస్తున్నాం" అని హెచ్చరించి మఱి దాటిపోవుచుండిరి. కొంతదూరము నడువగా, ఇదియే ఈ బాట కెల్ల నెత్తైన చోటని మా అమ్మాయి చూపినది. సముద్రమట్టమునకు 2,392 అడుగులు. ఇచ్చట కురిసిన వానలో ఒకవైపు నీరు పొటోమాక్ నదిద్వారా అట్లాంటిక్ సముద్రమునకును, రెండవవైపు నీరు ఒహాయో, మిసిసిపీ నదులగుండ మెక్సికో సింధుశాఖకును పోవునట. నేను శిఖరమున కెక్కితినన్న సంగతియే నాకు తెలియలేదు.

ఇంకను ముందునకు పోగా సొరంగము వచ్చినది. బిగ్ సావేజి యని దాని పేరు. పొడవు 3,294 అడుగులు. మంచు గడ్డకట్టి గోడలు చెడునని చలికాలమున దాని తలుపులు మూసివేయుదురట. లోపల దీపములున్నవి గాని, ఆవలికొన చిల్లపెంకంత వెలుతురుగా మాత్రమే కనబడుచుండెను. చల్లని గాలి మొగమునకు కొట్టినది. నేను వాకిటనే నిలిచిపోయితిని. జీవితమంతయు మావారి వెనుక నడచినదానను. చీకటిలో ముందు నడచుట నాకలవాటు లేదు.

అంతలో మనుమరాలు నా కొంగు పట్టుకొని, "నాకు భయం, అమ్మమ్మా. నువ్వు ముందు నడు" అన్నది.

నడచితిని. పైనుండి నీటిచుక్కలు పడుచుండెను. మా అడుగుల చప్పుడు మాకే వెనుకనుండి ఎవరో వచ్చుచున్నట్లు వినబడినది. బిడ్డకు ధైర్యము చెప్పవలసివచ్చుటచే నా భయము మాట మఱచితిని. ఆవల వెలుతురులోనికి వచ్చునప్పటికి క్రింద మేరీలాండు కొండలన్నియు ఎఱ్ఱని, పసుపుపచ్చని ఆకులతో నిండియుండెను. కట్టప్రక్క కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర తింటిమి. ఆ యందమును మావారు చూడలేదే యని దుఃఖము వచ్చినది. నేను చూచుట తప్పని మాత్రము తోచలేదు.

తిరుగుదారిలో మా అమ్మాయి మఱియొక సంగతి చెప్పినది. రైలు మానివేసిన దారిని ముక్కలుముక్కలుగా పోనీయక, ముందెప్పుడైన మరల రైలునకు పనికివచ్చునట్లు నిలిపియుంచి, అంతవఱకు బాటగా వాడుకొనవచ్చునని అమెరికాలో 1983లో శాసనము చేసిరట. ఆ మాట వినగానే నాకు మా కోటిపల్లి కట్ట కన్నులకు కట్టినది. పట్టాలు పోయిన అఱువదినాలుగేండ్లకు, 2004లో, దానిమీద మరల రైలు నడచినది. ఒకే పెట్టెగల ఆ రైలుబస్సులో మావారును నేనును కోటిపల్లికి పోయి స్నానము చేసివచ్చితిమి. కట్ట నిలిచియుండబట్టియే కదా ఆ భాగ్యము కలిగినది!

సోదరీమణులారా, నా దారిపై నడచిన బండి ఆగిపోయినది. అది మరల రాదని నాకు తెలియును. కాని ఇన్నేండ్లు ఇరువురము కలసి చదును చేసికొన్న నేల అట్లేయున్నది. దానిమీద తుప్పలు మొలువనిచ్చుట పతిభక్తియని ఇంతకాలము భ్రమపడితిని.

స్వదేశమునకు వచ్చినది మొదలు ప్రతిదినము తెల్లవాఱునప్పటికి కాలువగట్టున నడచుచున్నాను. మొదట నొక్కర్తెను, ఇప్పుడు మువ్వురము. ఎదురింటి పిన్నిగారిని రమ్మని నిన్న పిలిచితిని. ఆమెకును ఈ నడుమనే నావంటి కష్టము వచ్చినది. మోకాళ్లనొప్పియని చెప్పి తలుపు వేసికొన్నది. ఆ నొప్పి యెక్కడిదో నాకు తెలియును గనుక, రేపు మరల పోయి పిలిచెదను.