పసుపంటిన ఫోను

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఆర్మూరు చుట్టుపక్కల ఎవరి అరచెయ్యి చూసినా పచ్చగానే ఉంటుంది. సబ్బేసి రుద్దితే పైరంగు పోతుంది. గీతల్లోకీ గోళ్ల సందుల్లోకీ దిగిన పసుపు మాత్రం పంట అమ్ముడుపోయినా పోదు. మా కాక చెయ్యి సరే, ఆయన ఫోను కూడా అంతే. తెల్లటి సిలికాన్ కవరు మీద ఒక అంచున మూడు వేళ్ల మచ్చలు, ఎదుటి అంచున బొటనవేలి ముద్ర, అడుగున చిటికెనవేలు ఆనించే చోట చిక్కటి చుక్క. ఈ మనిషి ఫోను ఎలా పట్టుకుంటాడో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఆ సాయంత్రం కల్లంలో ఉన్నాం. ట్రాక్టరుతో లాక్కొచ్చిన బాయిలరు ఆవిరి కక్కుతోంది. ఉడికిన పసుపు కొమ్ము ఒక కుప్ప, మండ ఒక కుప్ప. దుబాయి నుంచి కొడుకు ఫోను చేశాడు. కాక ఫోనును గుప్పిట బిగించి, ఇంకో చెయ్యి కూడా దాని మీద కప్పి, "హలో... హలో... ఇనవడుతలేదురా!" అని అరుస్తున్నాడు. ఆయన అరుపు టవరు లేకుండానే దుబాయి చేరేట్టుంది.

"కాకా, కింద పట్టుకోకు. జర మీద పట్టుకో, ఇనవడుతది" అన్నాను.

ఆయన నన్నొక చూపు చూసి, "కొడవలికి పిడి కిందుంటదా, మీదుంటదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఫోన్లు తయారుచేసేవాళ్ల దగ్గర కూడా చాలాకాలం లేదు.

చాలా ఫోన్లలో ముఖ్యమైన యాంటెనా అడుగునే ఉంటుంది. అది అక్కడికి దిగడానికి కారణం మన తలకాయ. మొదట్లో అది ఫోను నెత్తిన బొడిపెలా బయటికే కనపడేది. 1999లో నోకియా 3210 వచ్చి దాన్ని లోపల దాచేసింది. దాచినా వెనక పైభాగంలోనే, అంటే చెవి పక్కనే ఉండేది. తరంగాల శక్తిలో తల ఎంత పీల్చుకోవచ్చో లెక్కలు కట్టి హద్దులు పెట్టారు. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి ఆ హద్దు కిలోకు 1.6 వాట్లు. తలకు ఎంత ఎడంగా ఉంటే ఆ లెక్క అంత తేలిగ్గా కుదురుతుంది కనక చాలా ఫోన్లలో ముఖ్యమైన యాంటెనా గడ్డం వైపు జరిగింది. అలా తలకు దూరమై అరచేతికి చిక్కింది.

చెయ్యంటే ఏముంది, చర్మం కట్టిన ఉప్పునీళ్ల సంచి. యాంటెనాకు అడ్డం పెడితే వచ్చే పోయే తరంగాల్లో కొంత మింగి వేడిగా మార్చేస్తుంది. ఆ వేడి మనకు తెలిసేంత కూడా ఉండదు. రెండో నష్టం ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. మంట దగ్గర కాచి బిగువు తెచ్చిన డప్పు మీద, పక్కన నిలబడి అరచెయ్యి ఆనించండి. తోలు అదే, పుల్ల అదే, మోత మాత్రం మొద్దుబారి మారిపోతుంది. యాంటెనా కూడా ఒక స్వరానికి బిగించిన వస్తువే. వేళ్లు దగ్గరికొస్తే శ్రుతి తప్పుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. యాంటెనాకు అందులో పావు వంతు, అంటే 8 సెంటీమీటర్లు, సహజమైన కొలత. మా కాక అరచేతి వెడల్పు కూడా దాదాపు అంతే.

దూరదర్శన్ రోజుల్లో డాబా ఎక్కినవాళ్లకు ఇదంతా కొత్త విద్యేం కాదు. 1926లో జపాన్‌లో యాగి, ఉడా అనే ఇద్దరు తీర్చిన ఆ అల్యూమినియం కడ్డీల యాంటెనాను తిప్పుతూ పైన నేను, కింద టీవీ ముందు ఇల్లంతా. "వచ్చిందా?" "వచ్చింది, వచ్చింది... అరె, పోయింది!" గొట్టాన్ని పట్టుకుని నిలబడితే బొమ్మ వచ్చేది, దిగొద్దామని చెయ్యి తీస్తే పోయేది. ఆదివారం సినిమా సగం డాబా మీదే చెవులతో చూశాను. అప్పుడు చెయ్యి పెడితే వచ్చింది, ఇప్పుడు చెయ్యి పెడితే పోతోంది. శ్రుతి కలిపేదీ తప్పించేదీ ఒకటే చెయ్యి.

ఈ పట్టు గొడవ లోకమంతా వినపడింది 2010లో. ఆ జూన్ 24న ఐఫోన్ 4 అంగట్లోకి వచ్చింది. దాని చుట్టూ ఉన్న స్టీలు పట్టీయే యాంటెనా. నిజంగా అందమైన ఆలోచన. కానీ ఎడమ పక్క కింద రెండు ముక్కల నడుమ సన్నటి సందు ఉంది. ఎడమచేత్తో పట్టుకుంటే అరచెయ్యి సరిగ్గా ఆ సందు మీదే పడి రెండింటినీ కలిపేస్తుంది. 20 డెసిబెల్స్ దాకా పడిపోయిందని పరీక్షల్లో తేలింది. 20 అంటే వినడానికి చిన్నదే, లెక్కలో మాత్రం నూటికి ఒక్క వంతు మిగలడం. అలా పట్టుకోకండి అని స్టీవ్ జాబ్స్ ఒకరికి ఈమెయిల్లో జవాబిచ్చాడు. జూలై 16న సభ పెట్టి అన్ని ఫోన్లకూ ఇదుందని చెప్పి, కవర్లు ఉచితంగా పంచాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ మా కాక అక్కడుంటే పిడి ప్రశ్న వేసేవాడే.

నాకు ఆ కథలో ఇంకా ఇష్టమైంది గీతల సంగతి. సిగ్నల్ గీతల లెక్కే తప్పనీ, చాలాసార్లు రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందనీ కంపెనీయే ఒప్పుకుంది. అంటే పోయిన సిగ్నల్లో కొంత అసలు ఎప్పుడూ లేనిది! మా పెర్కిట్ చౌరస్తాలో, టవరు కింద నిలబడితే నూటికి తొంభైతొమ్మిది వంతులు పోయినా మాట నడుస్తుంది. గుండ్ల చాటునో రేకుల షెడ్డులోనో, ఉన్నదే అంతంతమాత్రమైన చోట పిడికిలి బిగిస్తే ఫోను మూగబోతుంది.

అప్పటి నుంచి చేతి సంగతి కూడా చూసే డిజైన్లు గీస్తున్నారు. 2011లో వచ్చిన ఐఫోన్ 4ఎస్ రెండు యాంటెనాల్లో ఏది బాగుంటే దానికి మారేది. ఇప్పటి ఫోన్లలో పైనా కిందా పక్కలా చాలానే ఉంటాయి. ప్రయోగశాలల్లో పరీక్షించడానికి ఒక ఉత్తుత్తి చెయ్యి ఉంటుంది, సిలికాన్‌లో కార్బన్ కలిపి పోసింది. కుడిదొకటి, ఎడమదొకటి. ఉత్తుత్తి తలకాయ కూడా ఉంటుంది. అందులో పోసే ద్రవానికి ఒక పాత పాకం నీళ్లు, చక్కెర, ఉప్పు. విరేచనాలకిచ్చే నీళ్లే, కొంచెం పాళ్లు తేడా. రెండో చెయ్యి కూడా కప్పి అరిచే మనిషి బొమ్మను మాత్రం ఎవరూ చేసినట్టు లేదు.

ఇదంతా కాకకు చెప్పలేదు. ఆయనకు అంత తీరిక లేదు, బాయిలరువాళ్లు ఇంకో కల్లానికి పోవాలి. ఫోను లాక్కుని స్పీకరు పెట్టి ఉడికిన కొమ్ము కుప్ప మీద పెట్టాను. రెండు మాటలొచ్చి మళ్లీ ఆగిపోయింది. నా తెలివికి నాకే నవ్వొచ్చింది. నీళ్లోడుతున్న కుప్ప చేతికంటే ఏం తక్కువ? పక్కనున్న వెదురు గంప బోర్లించి దాని మీద పెట్టాను. కాక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, స్కూలు పిల్లాడిలా వంగి నిలబడ్డాడు.

"బాపూ, ఇనవడుతుందా? నిజామాబాద్ యార్డుల కొమ్ముకు ఎంత నడుస్తున్నదే?"