ఓటు లేని ఊళ్లో చదువు

విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లల గురించి పత్రికలవాళ్లం రాసేది సాధారణంగా రెండు సందర్భాల్లోనే. ఈ ఏడాది ఎంతమంది వెళ్లారన్న లెక్క విడుదలైనప్పుడు ఒకసారి, ఏదో ఒక విమానంలో శవపేటిక శంషాబాద్ చేరినప్పుడు ఇంకోసారి. ఈ రెంటికీ మధ్య వాళ్లు గడిపే బతుకు మనకు వార్త కాదు. వాళ్లకూ రాజకీయాభిప్రాయాలు ఉంటాయన్న సంగతి మన చర్చల్లోకే రాదు.

2025 ఫిబ్రవరిలో జర్మనీ పార్లమెంటు ఎన్నికలు చూడటానికి బెర్లిన్ వెళ్లాను. మా అక్క కూతురు అక్కడే, హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పీజీ చేస్తోంది. ఆ పది రోజుల్లో జర్మన్ రాజకీయాల గురించి తెలుసుకున్నదాని కంటే, ఆ అమ్మాయి పరిస్థితిని చూసి మన రాజకీయాల గురించి ఆలోచించిందే ఎక్కువ. ఈ వ్యాసంలో తన పేరు రాయడానికి ఆమె ఒప్పుకోలేదు. "మామయ్యా, నా పర్మిట్ రెన్యువల్ పెండింగ్‌లో ఉంది. ఏం రాసుకున్నా సరే, పేరు మాత్రం వద్దు" అంది. ఇరవై నాలుగేళ్ల పిల్లకు ఇంత జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చింది?

మొదట డబ్బు సంగతి. జర్మనీలో చదువు ఉచితమని అమీర్‌పేట హోర్డింగులు చెబుతున్నాయి. అది అబద్ధం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ వంటి రాష్ట్రం మన విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తున్నా, చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు. అందుకే 2022-23 శీతాకాల సెమిస్టర్ నాటికి అక్కడి విదేశీ విద్యార్థుల్లో చైనాను దాటి భారత్ మొదటి స్థానానికి వచ్చింది. మరుసటి ఏడాదికి మనవాళ్లు 49 వేలు దాటారు. అయితే గుమ్మం దాటాలంటే సర్టిఫికెట్లు అసలువేనని నిరూపించుకునే ఏపీఎస్ పత్రం కావాలి. 2022 నవంబరు నుంచి అది తప్పనిసరి, రుసుము 18 వేల రూపాయలు. ఆ తర్వాత బ్లాక్డ్ అకౌంట్. ఏడాది ఖర్చంతా ముందే ఒక ఖాతాలో వేయాలి. డబ్బు మనదే, కానీ నెలకింత అని మాత్రమే చేతికొస్తుంది. మా పిల్ల వెళ్లిన 2023లో అది 11,208 యూరోలు, 2025లో 11,904. మన లెక్కలో పదిన్నర లక్షలకు పైమాటే. మా బావ హన్మకొండ అవతల కొనుక్కున్న ఇంటి స్థలం ఇందుకోసమే బ్యాంకు తాకట్టులోకి వెళ్లింది.

నెలకు వచ్చే ఆ సొమ్ములో దాదాపు మూడింట రెండు వంతులు గది అద్దెకే పోతుంది. మిగతా ఖర్చులకు వారానికి మూడు సాయంత్రాలు ఒక సూపర్ మార్కెట్‌లో అట్టపెట్టెలు విప్పి అరలు సర్దుతుంది. 2025లో గంటకు కనీస వేతనం 12.82 యూరోలు ఉండేది. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చని చట్టం. ఆమె ఫోన్‌లో ఆ రోజుల లెక్క ఒక పట్టికలా రాసి ఉంది. ఇవన్నీ ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. "ఇక్కడ టైముకు జీతం పడుతుంది మామయ్యా, ఎవరూ అరవరు" అంది.

అసలు చిక్కు నివాస అనుమతితో వచ్చింది. గడువు ముగియకముందే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టింది. నెలలు గడిచినా జవాబు లేదు. అలాంటివాళ్లకు మధ్యకాలంలో ఒక కాగితం ఇస్తారు. దాని జర్మన్ పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. ఫిక్షన్ అంటే మనకు తెలిసిన ఫిక్షనే. అనుమతి ఉందో లేదో ఇంకా తేలలేదు కనుక, ఉన్నట్టుగా చట్టం ఊహించుకుంటుందన్నమాట. కొత్త అనుమతి వచ్చేవరకు ఆ ఊహను మడతపెట్టి పర్సులో పెట్టుకుని తిరగాలి. మా పిల్ల దాన్ని మూడు ఫోటోలు తీసి, ఒకటి నాన్నకు, ఒకటి అమ్మకు, ఒకటి నాకు పంపింది.

ఆ కాగితం పర్సులో ఉండగానే జనవరి 29 వచ్చింది. ఆ రోజు బెర్లిన్ పార్లమెంటులో, అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న ఫ్రీడ్రిష్ మెర్ట్స్ పార్టీ వలసలను కట్టడి చేయాలన్న తీర్మానాన్ని తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ ఓట్ల సాయంతో నెగ్గించుకుంది. ఏఎఫ్‌డీతో చేయి కలపరాదని యుద్ధానంతర జర్మన్ పార్టీలు గీసుకున్న గీత చెరిగిందని నగరం భగ్గుమంది. ఫిబ్రవరి 2న పార్లమెంటు భవనం ముందు మొదలైన నిరసన ప్రదర్శనలో పోలీసుల లెక్క ప్రకారమే లక్షా అరవై వేలమంది ఉన్నారు. సరిగ్గా మూడు నెలల ముందు, 2024 అక్టోబరులో, నాటి చాన్సలర్ షోల్జ్ ఢిల్లీకి వచ్చినప్పుడు, భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను జర్మనీ 20 వేల నుంచి 90 వేలకు పెంచుతుందన్న ప్రకటన వెలువడింది. ఒకే దేశం, ఒకే శీతాకాలం.

గదిలో ఉండే ఇద్దరు జర్మన్ స్నేహితురాళ్లు ప్రదర్శనకు బయలుదేరుతూ మా పిల్లను రమ్మన్నారు. ఇంటికి ఫోన్ చేసింది. బావ రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయుడు. ఒకప్పుడు సంఘం జెండా పట్టుకుని వరంగల్ కలెక్టరేట్ ముందు బైఠాయించినవాడే. ఆయనన్నది ఒక్కటే: "మనకెందుకమ్మా అవన్నీ? చదువుకోవడానికి పోయినవ్, చదువుకొని రా." ఆమె వెళ్లింది, వెళ్లలేదు కూడా. పేవ్‌మెంట్ మీద గంటసేపు నిలబడి, జనం పోతుంటే చూసి, ప్లకార్డు పట్టుకోకుండా, ఫోటో తీసుకోకుండా తిరిగొచ్చింది.

ఆ భయానికి చట్టపరమైన ఆధారం ఉందా అని నేను వెతికాను. జర్మన్ రాజ్యాంగం ఎనిమిదో అధికరణం శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును "జర్మన్లందరికీ" ఇస్తుంది. విదేశీయులకు ఆ స్వేచ్ఛ మామూలు చట్టం ద్వారా దక్కుతుంది. కాబట్టి ఆమె ప్రదర్శనలో నడిస్తే నేరం కాదు. అయితే నేరం కాకపోవడం వేరు, హక్కు ఉండటం వేరు. ఏప్రిల్‌లో ఇదే బెర్లిన్‌లో, పాలస్తీనా అనుకూల నిరసనలలో పాల్గొన్న నలుగురు విదేశీయులను, ఏ కోర్టూ శిక్షించకముందే, దేశం విడిచి వెళ్లమన్నారన్న వార్త వచ్చింది.

ఇది చదివి జర్మనీని తిట్టుకునే ముందు మన రాజ్యాంగం తెరవండి. అదే సంవత్సరం, 1949లో ఆమోదించుకున్నది. పంతొమ్మిదో అధికరణం అదే హక్కును "పౌరులందరికీ" ఇస్తుంది. పరాయివాడికి మనమూ ఇవ్వలేదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా చెన్నైలో ప్లకార్డు పట్టుకున్న ఒక జర్మన్ విద్యార్థి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. తన దేశంలో హిట్లర్ ఏలిన ఏళ్లను గుర్తుచేసే ప్లకార్డు అది. కొద్ది వారాలకే కోల్‌కతాలో చదువుతున్న పోలండ్ విద్యార్థికీ ఇలాంటి నోటీసే వచ్చింది. దాన్ని 2020 మార్చిలో కలకత్తా హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు గురించి మా పిల్లకు చెబితే, "అంటే మనవాళ్లు ఆ జర్మన్ అబ్బాయికి చేసినదే వీళ్లు నాకు చేస్తారేమోనని నేను భయపడుతున్నానన్నమాట" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె విశ్వవిద్యాలయానికి ఎదురుగా ఉన్న బేబెల్‌ప్లాట్జ్‌లో నడిచాం. నేల మీద అద్దం, దాని కింద ఖాళీ పుస్తకాల అరలు. 1933 మే 10న పుస్తకాలు తగలబెట్టిన చోటు అది. తగలబెట్టినవాళ్లలో ముందున్నది విద్యార్థులే. విద్యార్థి రాజకీయాలన్నీ పవిత్రమని నేనెప్పుడూ అనను. కానీ అదే విశ్వవిద్యాలయంలో ఉప్పు పన్ను మీద సిద్ధాంత వ్యాసం రాసిన రామ్‌మనోహర్ లోహియా, 1930లో జెనీవాకు వెళ్లి, నానాజాతి సమితిలో బికనీర్ మహారాజా మాట్లాడుతుంటే ప్రేక్షకుల గ్యాలరీలోంచి ఈల వేశాడు. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ 1926లో డాక్టరేట్ పొందింది బెర్లిన్‌లోనే. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, ఆయనదీ హైదరాబాదే, 1914 నుంచి ఆ నగరాన్ని బ్రిటిష్ వ్యతిరేక రాజకీయాలకు స్థావరం చేసుకున్నాడు. భారతీయ విద్యార్థులకు సాయపడటానికి 1929లో అక్కడ తెరిచిన సమాచార కేంద్రాన్ని నడిపిన పాత్రికేయుడు ఏసీఎన్ నంబియార్‌ను 1933లో నాజీలు కొట్టి జైల్లో పెట్టారు. కాబట్టి వాళ్లకు ప్రమాదం తక్కువని కాదు. ఇవాళ్టికన్నా ఎక్కువే. కానీ వాళ్ల వెనుక తాకట్టులో ఇంటి స్థలం లేదు. వీసా భయం గురించి అందరూ మాట్లాడతారు. నెలవాయిదా భయం గురించి ఎవరూ మాట్లాడరు. బ్యాంకు రుణం ఏ చట్టమూ అక్కర్లేకుండా నోరు మూయించగలదు.

సరే, అక్కడ ఓటు లేదు. ఇక్కడ ఉందా? చదువు కోసం విదేశంలో ఉన్న పౌరులు కూడా ఓటర్లుగా నమోదు కావచ్చని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20ఏ సెక్షన్ చెబుతోంది. కాకపోతే పోలింగ్ రోజు స్వయంగా బూత్‌కు రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అలా నమోదైనవాళ్లు సుమారు లక్షా ఇరవై వేలు. వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేల లోపు, అందులో అత్యధికులు కేరళవాళ్లు. ప్రతినిధి ద్వారా ఓటు వేయించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, ఆ సభతోపాటే మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇద్దామన్న ఎన్నికల సంఘం ప్రతిపాదన 2020 నాటిది. ప్రవాసులను ఉద్దేశించి సభలు పెట్టడంలో మన నాయకులు చూపే ఉత్సాహం ఈ ఫైలు మీద కనబడదు. 2022 మేలో బెర్లిన్‌లోనూ అలాంటి సభ జరిగింది.

ఫిబ్రవరి 23 సాయంత్రం ఆరింటికి వాళ్ల వంటగదిలో టీవీ ముందు కూర్చున్నాం. పోలింగ్ 82.5 శాతం, పునరేకీకరణ తర్వాత అత్యధికం. ఏఎఫ్‌డీకి 20.8 శాతం. బెర్లిన్ నగరం మాత్రం వామపక్ష పార్టీని మొదటి స్థానంలో నిలిపింది. స్నేహితురాళ్లలో ఒకమ్మాయి ఏడ్చింది. మా పిల్ల ఆమెకు టీ పెట్టి ఇచ్చి, తను మాత్రం ఏమీ అనలేదు. ఆ తర్వాత నన్ను మెట్రో దాకా దిగబెడుతూ అడిగింది: "వాళ్లు ఓడిపోయామని ఏడుస్తున్నారు. నేను ఓడిపోయానో లేదో చెప్పడానికి నాకు ఓటే లేదు కదా?"

మేలో పర్మిట్ కార్డు చేతికొచ్చింది. పేరు రాయొచ్చా అని అడిగితే మళ్లీ వద్దంది. ఫారం 6ఏ నింపానని మాత్రం గత వారం మెసేజ్ పెట్టింది. దాని కిందే బెర్లిన్ నుంచి హైదరాబాద్‌కు రానూ పోనూ విమాన టికెట్ ధర, దాన్ని 12.82తో భాగిస్తే ఎన్ని గంటల పని అవుతుందో లెక్క.