కొలిమి దగ్గరి మనిషి

టొరంటోలో మా మేనకోడలు పనిచేసే ప్రయోగశాల నిండా లేజర్లూ అద్దాలూ ఉన్నాయి. నా చూపంతా ఆమె వేళ్ల మీదే నిలిచిపోయింది. గోరంత స్ఫటికాన్ని పట్టుకారుతో తీసి రాగి పలక మీద అమర్చి బిగిస్తోంది. కాస్త గట్టిగా బిగిస్తే పగులుతుంది. వదులైతే చల్లబడదు. మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరచాలి మరి!

అది యిట్రియం సిలికేట్, అందులో కొద్దిపాటి యూరోపియం. సహజంగా దొరికే యూరోపియంలో సగానికి పైగా యూరోపియం-153 అనే రకమే. దాని కేంద్రకం సొరబుర్రలా ఒకవైపు లావుగా ఉంటుందని సిద్ధాంతకారుల లెక్క. కాలాన్ని వెనక్కి నడిపిస్తే కేంద్రకం భ్రమణం తిరగబడుతుంది, విద్యుదావేశం ఒరిగిన వైపు మాత్రం మారదు. ఆ రెండూ ముడిపడి ఉన్నాయని తేలితే, ప్రకృతికి కాలపు రెండు దిశలూ ఒకటి కావన్నమాట. ఆ ముడి ఎంత సన్ననిదైనా సొరబుర్ర ఆకారం దాన్ని చాలా రెట్లు పెంచి చూపిస్తుంది. విశ్వంలో ప్రతిపదార్థం పోయి పదార్థం మిగలడానికి ఇలాంటి అసమానత కావాలని 1967లో భౌతికశాస్త్రవేత్త సఖరోవ్ చెప్పాడు. 1964లో క్రోనిన్, ఫిచ్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టిన అసమానత అందుకు చాలదు.

అమెరికాలో ఆర్గాన్ ప్రయోగశాల వాళ్లు ఆ ముడి కనిపిస్తుందన్న ఆశతోనే రేడియం-225ను లేజర్లతో పట్టి నిలిపారు. అది 15 రోజుల్లో సగం తరిగిపోతుంది. యూరోపియం-153 తరగదు. పైగా స్ఫటికం లోపలి విద్యుత్ క్షేత్రమే యూరోపియం అయాన్లను సగం ఇటూ సగం అటూ లాగిపెడుతుంది. అయస్కాంత అలజడి రెండు గుంపులనూ ఒకేలా కదిపితే, వెతుకుతున్న ముడి తాలూకు సంకేతం ఎదురెదురు దిశల్లో కదుపుతుంది. తేడా తీస్తే అలజడి పోయి సంకేతం మిగలాలి. ఎంత అందమైన ఏర్పాటు!

"కానీ మామయ్యా, మంచి స్ఫటికం దొరకడమే కష్టం. నెలల తరబడి ఎదురుచూస్తాం. పెంచడం తెలిసినవాళ్లు రిటైరైపోతున్నారు," అంది.

నాకు కోపం వచ్చింది. స్ఫటికం పెంచాలంటే ఇరిడియం మూసలో దాదాపు 2000 డిగ్రీల దగ్గర కరిగిన ద్రవంలో విత్తనంలాంటి చిన్న స్ఫటికపు ముక్కను ముంచి, తిప్పుతూ, గంటకు మిల్లీమీటరో రెండో చొప్పున పైకి లాగాలి. ఎక్కడ వేడి తగ్గించాలో, ఎప్పుడు ఆగాలో పుస్తకం సగమే చెబుతుంది. అంత పని చేసిన మనిషి పేరు పరిశోధన పత్రం చివర కృతజ్ఞతల్లో కనిపిస్తే గొప్ప. లేజర్లకు డబ్బిచ్చేవాళ్లు కొలిమికీ ఇవ్వాలి. కొలిమి తెలిసిన పెద్దమనిషి ఇంటికి వెళ్లకముందే ఆయన పక్కన ఇద్దరు కుర్రవాళ్లను జీతమిచ్చి నిలబెట్టాలి.