ఆ దగ్గు మేమే ఇంటికి మోసుకెళ్లాం

పోస్టు కొంచెం పెద్దదే. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లు మాత్రం ఆఖరి వరకు చదవండి.

మేము ముగ్గురం ఒకే కొండ ఊరి పిల్లలం, ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. మా ఇళ్లల్లో కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. డిసెంబరు చివర్లో మా గదిలో దగ్గు మొదలైంది. ముందు జలుబు, తర్వాత రాత్రిళ్లు తెరలు తెరలుగా పొడి దగ్గు. ఒక్కోసారి దగ్గీ దగ్గీ తిన్నది కక్కేసేవాళ్లం. చలికాలం కదా అని మందుల షాపులో సిరప్ కొనుక్కుని తాగాం. ఆ దగ్గుతోనే సంక్రాంతికి ఊరెళ్లాం. అక్క కొడుక్కి అప్పటికి రెండు నెలలు. సెలవులన్నాళ్లూ వాణ్ణి చేతుల మీద నుంచి దింపలేదు.

హాస్టల్‌కి తిరిగొచ్చిన వారానికి ఫోను. బాబు దగ్గుతూ దగ్గుతూ ఊపిరి ఆపేస్తున్నాడట, పెదాలు నీలంగా అయిపోతున్నాయట. గాలి సోకింది, వాతలు పెడదామంటోంది నానమ్మ. "వద్దే, ముందు ఆసుపత్రికి" అని ఫోన్లోనే గొడవపడ్డాం. అక్క వాణ్ణి గుడ్డలో కట్టుకుని రోడ్డు దాకా గంటన్నర నడిచింది. అక్కణ్ణుంచి 108.

మేము వెళ్లేసరికి బాబుకి ఆక్సిజన్ పెట్టి ఉంది. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి దగ్గుందా?" మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అది కోరింత దగ్గు. బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు తుంపర్లతో అంటుకుంటుంది. మొదటి ఒకటి రెండు వారాలు మామూలు జలుబులాగే ఉంటుంది, కానీ బాగా అంటుకునేది అప్పుడే. తర్వాత దగ్గు తెరలు. తెర అయ్యాక గాలి పీల్చుకునేటప్పుడు కూత లాంటి శబ్దం వస్తుంది. నెలల పసివాళ్లకి ఆ కూత రాకపోవచ్చు, తిన్నగా ఊపిరే ఆగిపోవచ్చు. చిన్నప్పటి టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టి మా వయసు వాళ్లకీ వస్తుంది. మాకు తేలిగ్గా పోయేది వాళ్లకి ప్రాణం మీదికొస్తుంది.

వైద్యం ఏంటంటే, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్. బాబుకి ఐదు రోజులిచ్చారు, ఇంట్లో అందరికీ, మాకూ ఇచ్చారు. తొందరగా మొదలుపెడితే జబ్బు తీవ్రత తగ్గుతుంది. ఆలస్యమైతే దగ్గు అంత తొందరగా తగ్గదు, కానీ ఇంకొకరికి అంటకుండా ఆగుతుంది. దగ్గు సిరప్పులు దీనికి పనిచేయవు. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించొద్దని కూడా చెప్పారు.

తర్వాత డాక్టరమ్మ టీకా కార్డు అడిగారు. ఆరో వారం గడి ఖాళీ. సూది వేస్తే జ్వరం వస్తుందని అక్క భయపడింది. మాకు ఫోన్ చేసి అడిగింది కూడా. "తర్వాత వేయిద్దాంలే" అన్నది మేమే. చదువుకున్నోళ్లం కదా, మా మాట విన్నది. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాం.

పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకి వేస్తారు. కోరింత దగ్గుతో పాటు కంఠసర్పి, ధనుర్వాతం లాంటి ఐదు జబ్బులకి అదొక్కటే సూది. మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య ఒకసారి, ఐదారేళ్లప్పుడు ఒకసారి డీపీటీ బూస్టరు. సర్కారు దవాఖానాలో, అంగన్‌వాడీ దగ్గర అన్నీ ఉచితమే. ఒక డోసు తప్పిపోయినా ఆశా అక్కని, ఏఎన్ఎంని అడగండి, మిగతావి ఎప్పుడు వేయాలో చెప్తారు. మీకు దగ్గుంటే ఊరెళ్లినా చంటిబిడ్డని ఎత్తుకోకండి. బిడ్డ నీలంగా మారినా, ఊపిరి ఆగినా, పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగకండి.

బాబు ఇంటికొచ్చాడు. దగ్గు పూర్తిగా పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మొన్న మొదటి సూది వేయించారు. ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. "జ్వరం వచ్చింది. వాళ్లిచ్చిన పారాసిటమాల్ చుక్కలు వేశాను. పడుకున్నాడు" అంది.

జోహార్.