పిల్లల ల్యాప్‌టాప్‌లో ఏం వేయించాలి?



పేరెంట్స్ మీటింగ్ అయ్యాక కంప్యూటర్ ల్యాబ్ దగ్గర ఆగి మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది: "మేడమ్, బాబుకు ల్యాప్‌టాప్ కొంటున్నాం, అందులో ఏం వేయించమంటారు?"

"వేయించడం" అన్న మాటలోనే అసలు సంగతి ఉంది. ఖమ్మమైనా, కొత్తగూడెమైనా, భద్రాచలమైనా మన దగ్గర సాఫ్ట్‌వేర్‌ను కొనేవాళ్లు తక్కువ, షాపులో వేయించుకునేవాళ్లు ఎక్కువ. వాటిలో లైసెన్సు ఉన్నవెన్నో మనం అడగం, షాపతను చెప్పడు. "క్రాక్" అనే మాట పిల్లలకు అక్కడే పరిచయం. పరీక్షలో పక్కవాడి పేపర్లోకి చూడొద్దని చెబుతాం, ఇంట్లో మాత్రం దొంగ కాపీ మీదే హోంవర్క్ చేయిస్తాం.

దీనికి దారి లేక కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టారు. వీటితో పెరిగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి కాపీ ఇవ్వొచ్చు. చాలావరకు డబ్బు కట్టక్కర్లేదు కానీ, అసలు విషయం ఆ హక్కులే.

కాపీ ఇచ్చే హక్కు విలువ మన ప్రాంతంలో బాగా తెలుస్తుంది. చర్ల వైపో, చింతూరు వైపో రోడ్డు అడవిలోకి తిరిగాక ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దసరాకు ఊరెళ్లే హాస్టల్ పిల్లలకు పెన్‌డ్రైవే ఇంటర్నెట్. లిబ్రెఆఫీస్, బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్, చిన్నపిల్లల ఆటల జీకాంప్రీ, ఆకాశాన్ని తెర మీద చూపించే స్టెల్లారియం ఇవన్నీ నెట్ లేకుండానే పనిచేస్తాయి. మీ పాప వాటిని ఊళ్లో ఆశ్రమ పాఠశాలలో చదివే బాబాయి కొడుక్కి ఇస్తే తప్పు లేదు, దొంగతనం కాదు. (స్టెల్లారియం చూసి, ఆరుబయటకెళ్లి అవే చుక్కలు వెతుక్కునే అదృష్టం హైదరాబాద్ పిల్లలకు ఎక్కడుంది!) కోయ మాటలతో ఒక ఆట తయారు చేయాలంటే ఏ కంపెనీకీ లాభం కనిపించదు. ఎవరైనా టీచర్ పూనుకుంటే మాత్రం, ఇక్కడ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

మరి అందరూ ఎందుకు వాడరు? కొత్తవాళ్లకు భయం. ఆ భయానికి కారణం కొంతవరకు ఈ సాఫ్ట్‌వేర్‌ను ఇష్టపడేవాళ్లే. "ముందు కమాండ్లు నేర్చుకోండి" అని మొదలుపెడితే ఎవరుంటారు? నా మట్టుకు నాకు తెలుగు టైపింగ్ కథే సరైన పాఠం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మంచిదే. ఒకసారి వస్తే హిందీకీ మలయాళానికీ అదే అమరిక. కానీ చేయి కుదరడానికి వారాలు పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి ఉంది, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చింది. వీవెన్ గారు "లేఖిని"తో దాన్ని ఎవరైనా వాడుకునేలా చేశారు. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియాలోకి, తెలుగు బ్లాగుల్లోకి ఎంతోమంది ఆ సులువైన తలుపులోంచే వచ్చారు. కొందరు తర్వాత ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నారు, కొందరు నేర్చుకోలేదు. రాసింది తెలుగే కదా!

అయితే సులువైనదల్లా మంచిదని కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే ఉంది. అయినా మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లు సొంత కోడ్ ఉన్న ఫాంట్లే వాడాయి, ఎందుకంటే చేతికి అలవాటైనవి, అచ్చులో అందంగా వచ్చేవి అవే. ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరవండి, పిచ్చి గీతలు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు "పద్మ" అనే ఉపకరణం తయారు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు పోతన, మండలి, రామభద్ర, గిడుగు వంటి స్వేచ్ఛా ఫాంట్లున్నాయి. పిల్లల ప్రాజెక్టుకు ఇవి చాలు.

కాబట్టి మీ ఇంట్లో ఉన్నదంతా ఒక్క రోజులో మార్చమని నేను చెప్పను. నాన్నగారు షాపు లెక్కలు చూసుకునే ప్రోగ్రామ్ విండోస్ మీదే నడుస్తుంటే దాన్ని కదిలించకండి. ఆ విండోస్‌లోనే లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ వేసి చూడండి. పిల్లలకు అలవాటయ్యాక లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడపొచ్చు, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయడమే. తెలుగు మాత్రం మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే కొట్టించండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

"రేపు ఉద్యోగంలో వర్డ్, ఎక్సెల్ అడుగుతారు కదా?" అంటారు. అడుగుతారు. కూడిక ఫార్ములా రెండింటిలోనూ ఒకటే. ఇక మెనూల సంగతంటారా, 2007లో ఆ కంపెనీయే వర్డ్, ఎక్సెల్ మెనూలన్నీ మార్చేసింది. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్ల ఉద్యోగానికి వెళ్లేసరికి ఇంకెన్నిసార్లు మారతాయో! పెద్ద పెద్ద మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో ఇబ్బంది పెడతాయి, అది నిజం. స్కూలు పిల్లలకు ఆ అవసరం రాదు.

కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లైనక్స్ నిలబడిందంటే, పక్కన నిలబడి చూపించడానికి ముందుగా టీచర్లను తయారు చేసుకోవడం వల్లే. మన రాష్ట్రంలోనూ "స్వేచ్ఛ" సంస్థవాళ్లు పిల్లల కోసం "బాలస్వేచ్ఛ" తెచ్చారు. మన క్యాంపస్‌లో ఆ పక్కన నిలబడే పని నాది. పిల్లలతో 16 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి ల్యాబ్‌కు పంపండి, పేరు రాసి. అందులో ఫొటోలు ఉంటే ముందే ఇంకోచోట దాచుకోండి, లైనక్స్ వేసేటప్పుడు పెన్‌డ్రైవ్ మొత్తం చెరిగిపోతుంది.