బొమ్మ లోకో షెడ్డు - నేను అడగని ప్రశ్న

పదవీ విరమణ చేసినవారు చేతులకు, మెదడుకు పని కల్పించుకోవాలని నా రోగులకు చెబుతుండేవాడిని. నా వంతు వచ్చినపుడు మా నాన్నగారు పనిచేసిన ఆవిరి ఇంజన్ల షెడ్డుకు నమూనా కట్టాలని సంకల్పించాను. ఆయన కోస్తాలోని ఒక జంక్షనులో బాయిలర్ల మరమ్మతు చేసేవారు. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. నా జ్ఞాపకమే నాకు ప్లాను.

నమూనా కొలత 1:87. అసలు కట్టడంలో 87 సెంటీమీటర్లు ఇక్కడ ఒక సెంటీమీటరు. ఇంజనును వెనుకకు తిప్పే 75 అడుగుల టర్న్‌టేబుల్ నా బల్లపై 26 సెంటీమీటర్లకు ఒదిగింది.

ప్రయాణం ముగించిన ఇంజనుకు జరిగే సేవల క్రమంలోనే కట్టడాలను అమర్చాను. మొదట బూడిద గుంట. పట్టాల మధ్య ఇటుకలతో కట్టిన ఈ గుంటలోకి పొయ్యిలోని నిప్పులను, బూడిదను దింపేవారు. తరువాత బొగ్గు పోసే ఎత్తయిన అరుగు. ఆపైన నీటి స్తంభం; దాని అడ్డచేతిని తిప్పి టెండరులోకి నీరు నింపేవారు. మొన తీసిన లావుపాటి ఇంజెక్షన్ సూది నాకు ఆ గొట్టమయింది. ఆ పక్కనే ఇసుక ఆరబెట్టే గది. తడి పట్టాలపై చక్రాలు జారకుండా పొడి ఇసుక చల్లేవారు. చివరన పొగ పోవడానికి కప్పుపై గూళ్ళున్న షెడ్డు.

షెడ్డులో ఒక మూల, పైరేకులు విప్పిన బాయిలరును నిలిపి, దానిపై దూదిని జిగురుతో అంటించాను. సెలవులకు వచ్చిన మనవడు దానిని చూసి, “తాతయ్యా, ఆ తెల్లటిది ఏమిటి?” అని అడిగాడు.

“రాతినార. ఆస్బెస్టాస్ అంటారు. బాయిలరు వేడి బయటకు పోకుండా కప్పుతారు” అన్నాను.

“ముత్తాత దాన్ని చేత్తో ముట్టుకునేవారా?”

జవాబు చెప్పబోయి ఆగిపోయాను.

ముట్టుకోవడమే కాదు. ఆ రోజుల్లో ప్రపంచంలో చాలాచోట్ల జరిగినట్లే, రాతినార పొడిని నీటితో కలిపి మెత్తి, మరమ్మతు వచ్చినపుడు ఎండిన పూతను సుత్తితో కొట్టి రాల్చేవారు. నాన్నగారు కనుబొమలపై తెల్లని ధూళితో ఇంటికి వచ్చేవారు. అమ్మ ఆ చొక్కాను పెరట్లో దులిపి ఉతికేది. సుత్తుల మోతకు ఆయన వినికిడి తగ్గింది. అమ్మ రెండుసార్లు పిలిస్తే గాని పలికేవారు కాదు.

1984లో ఆయనకు ఆయాసం మొదలయింది. అప్పటికి నేను ప్రభుత్వ వైద్యుడిని. ఊపిరితిత్తుల అడుగుభాగాలలో చిటపట శబ్దాలు విన్నాను. వేళ్ళ కొనలు డోలుకర్రల వలె ఉబ్బి ఉండటం చూశాను. ఎక్స్‌రేలో కింది భాగాలలో నీడలున్నాయి. అన్నీ చూసి ‘దీర్ఘకాలిక బ్రాంకైటిస్’ అని చీటీపై వ్రాశాను. బీడీలు మానలేదని ఆయనను కసిరాను కూడా. ఆయన తలవంచుకొని విన్నారు. మూడేళ్ళకు గతించారు.

రోగిని ‘నీవు ఏ పని చేస్తావు?’ అని అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే వ్రాశాడు. ఆ మాట చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాడిని నేను. నాన్నగారి పని ఏమిటో నాకు తెలుసు గనుక అడగనే లేదు. తెలిసినదానిని రోగంతో జతచేయనూ లేదు.

రాతినార పోగులు కంటికి కనిపించనంత సన్ననివి. ఊపిరితిత్తులలో చేరితే శరీరం వాటిని కరిగించలేదు. వాటి చుట్టూ కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. లక్షణాలు సాధారణంగా 20 ఏళ్ళు, ఆపైన గడిచాకే బయటపడతాయి. ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు కూడా కలుగవచ్చు. పొగతాగే అలవాటు తోడయితే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లవుతుంది. అందుచేత బీడీ మానమనడం తప్పు కాదు. బీడీ వద్దనే ఆగిపోవడం తప్పు.

నేడు ఆ ఎక్స్‌రే చూస్తే నా మొదటి అనుమానం రాతినారపైనే ఉంటుంది. సరిగా గుర్తించినా ఆ మచ్చలను మాన్పే మందు లేదు. కాని ఆయనపై నింద తప్పేది. ఆయనతో సుత్తి పట్టినవారిని పరీక్షకు పిలిచే వీలుండేది. బట్టలు దులిపినందుకు అమ్మకు ఏ జబ్బూ రాకపోవడం మా అదృష్టం. ఆ ధూళి వలన ఇంటివారికి కూడా జబ్బులు వచ్చిన ఉదాహరణలు వైద్యశాస్త్రంలో ఉన్నాయి.

ఆవిరి ఇంజన్లు పోయాయి గాని రాతినార పోలేదు. మన పశువుల పాకలపైన, పాత ఇళ్ళపైన సిమెంటు రేకులలో ఉంది. చెక్కుచెదరని రేకుతో ప్రమాదం తక్కువ. దానిని కోసినా, పగులగొట్టినా, రంధ్రం చేసినా పోగులు గాలిలో కలుస్తాయి. తీయక తప్పనపుడు నీటితో బాగా తడిపి, విరగకుండా దింపించండి. పొడిని పొడిగా ఊడ్వకండి. పిల్లలను దూరంగా ఉంచండి. మూతికి చుట్టుకున్న తువ్వాలు ఈ పోగులను ఆపదు.

మీ తండ్రి గాని, తాత గాని బాయిలర్ల వద్ద, రేకుల కర్మాగారాలలో, రాతి క్వారీలలో పనిచేసి ఇప్పుడు ఆయాసపడుతూ ఉంటే, ఆ సంగతి వైద్యునికి మీరే చెప్పండి. ఆయన అడిగేవరకు ఆగవద్దు.

నమూనా పూర్తయింది. బాయిలరు పక్కన సుత్తి పట్టిన మనిషి బొమ్మను మా మనవడు నిలిపాడు. 1:87 కొలతలో ఆయన ఎత్తు రెండు సెంటీమీటర్లు కూడా లేదు.